నాన్న ఏడుసార్లే లేచారు, అదీ చెయ్యి ఆనించి

పుణెలో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ తీసేసి, అవసరమైనంత వరకు కుదించి ఇస్తున్నాను.

"మా నాన్నగారికి 76 ఏళ్లు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. గోదావరి పక్కన చిన్న ఊళ్లో అమ్మా ఆయనా ఇద్దరే ఉంటారు. పదేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. సంక్రాంతి తర్వాత ప్రోస్టేటుకని డాక్టరు ఇంకో మాత్ర కలిపారు, రాత్రి పడుకునే ముందు వేసుకునేది. ఫిబ్రవరిలో ఒక రాత్రి మూడింటికి బాత్రూముకని లేచి, దాని గుమ్మం దగ్గరే పడిపోయారు. మోచెయ్యి దోక్కుపోయింది, నుదుటి మీద బొప్పి కట్టింది. ఎముకలేవీ విరగలేదు. మాకు మాత్రం మూడు వారాలు చెప్పలేదు. పనిమనిషి నోరు జారితే తెలిసింది.

అప్పటినుంచి నాకు టెన్షన్. పెద్దవాళ్ల ఒంట్లో సత్తువ ఎంతుందో ఇంట్లోనే కొలిచే పరీక్షలున్నాయని చదివి, ఒక ఆదివారం వీడియో కాల్‌లో నాన్నతో చేయించాను. ముప్ఫై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో లెక్కపెట్టాలి. అమ్మ ఫోన్ పట్టుకుంది. ఏడుసార్లే లేచారు, అదీ చెయ్యి ఆనించి. చివర్లో ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారింది. నేను కేక పెట్టాను, అమ్మ ఫోన్ జారవిడిచింది. 'ముప్ఫై నాలుగేళ్లు ఊళ్లో పిల్లలందరినీ నేను లేపి కూర్చోబెట్టాను, ఇప్పుడు నువ్వు నన్ను లేపి కూర్చోబెడతావా అమ్మాయ్' అని నాన్న లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆదివారం కాల్‌కి రావడం మానేశారు. 'స్నానం చేస్తున్నారు' అంటుంది అమ్మ, ప్రతి వారం.

న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య ఒక ఆన్‌లైన్ సంస్థకు డబ్బు కట్టాడు. అన్నయ్య అడిగాడని నాన్న ఒప్పుకున్నారు. వాళ్లు పావుగంట వీడియోలో చూసి, ఎర్ర గుర్తుతో 'పడిపోయే ప్రమాదం ఎక్కువ' అని రిపోర్టు పంపారు. దాంతోపాటే ఆరు నెలల ప్యాకేజీ రేటు కూడా. అన్నయ్య పడిపోతే కనిపెట్టే వాచీ ఒకటి కూడా పంపాడు. నాన్నను పుణె తీసుకెళ్లిపొమ్మంటాడు. మాది ఏడో అంతస్తు, ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. అమ్మ బాగానే ఉంది, 71 ఏళ్లు, నాన్న కింద కూర్చుని లేవాలంటే ఆవిడే చెయ్యి ఇస్తుంది.

ఫోన్లో చేసే ఈ పరీక్షల్ని నమ్మొచ్చా? ఏడు అంటే అంత తక్కువా? ఆయన్ని ఇక్కడికి తెచ్చేసుకోవాలా? అన్నిటికన్నా ముందు, ఆయన మళ్లీ నాతో మాట్లాడాలంటే ఏం చెయ్యాలి?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగినవాటి జోలికి పోయేముందు, అడగని రెండు సంగతులు చెప్పాలి. అవి ఆదివారం దాకా ఆగేవి కావు.

మొదటిది నుదుటి బొప్పి. పెద్ద వయసులో తలకు తగిలిన దెబ్బ చిన్నదే అయినా, పుర్రె లోపల రక్తం కొద్దికొద్దిగా చేరి వారాల తర్వాత బయటపడే అవకాశం ఉంటుంది. కొత్తగా తలనొప్పి వస్తోందా, పగటిపూట కూడా మగతగా ఉంటున్నారా, మాట తడబడుతోందా, ఒక కాలు ఈడుస్తున్నారా, తేదీలూ మనుషులూ కలగాపులగం అవుతున్నారా అని అమ్మను ఇవాళే అడగండి. ఒక్కదానికి 'అవును' అన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, పడిన సంగతి అక్కడి డాక్టరుకు చెప్పాలి. గుండెకని రక్తం పలచబరిచే మాత్ర ఏదైనా వాడుతున్నారా అన్నది మీరు రాయలేదు. వాడుతుంటే ఏ లక్షణమూ లేకపోయినా డాక్టరుకు చెప్పి తీరాలి.

రెండోది ఆ కొత్త మాత్ర. ప్రోస్టేటుకు ఇచ్చే మాత్రల్లో కొన్ని మూత్రం దారిని వదులు చేయడంతో పాటు రక్తనాళాలనీ కొంచెం వదులు చేస్తాయి. అసలే బీపీ మాత్ర వేసుకునే మనిషి. రాత్రి మూడింటికి, నిద్ర మత్తులో, ఆపుకోలేక గబుక్కున లేచారు. ఒక్కసారిగా బీపీ పడిపోయి కళ్లు బైర్లు కమ్మడానికి ఇంతకన్నా అనువైన ఘడియ ఉండదు. మీ ఉత్తరంలో మాత్ర సంక్రాంతి తర్వాత వచ్చింది, పడటం ఫిబ్రవరిలో జరిగింది. మీరు ఆ రెండింటినీ వేర్వేరు వాక్యాల్లో రాసి ముందుకెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. ఇది నా అనుమానమే, నిర్ధారణ చేయాల్సింది డాక్టరు. కానీ ఆ అనుమానాన్ని ఇంట్లో ఉన్న బీపీ మిషన్‌తోనే పరీక్షించవచ్చు. పొద్దున్నే మంచం దిగకముందు, అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడాలి. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే ఆ అంకెలు కాగితం మీద రాసి, మాత్ర రాసిన డాక్టరుకు చూపించాలి. పక్కన ఒక మనిషి ఉండాలి, తల తిరిగినట్టు అనిపిస్తే వెంటనే కూర్చోబెట్టాలి. రెండు మాత్రల్లో ఏదీ మీ అంతట మీరు ఆపకండి. వేళ మార్చడమో, మోతాదు తగ్గించడమో, వేరే మాత్రకు మారడమో డాక్టరే తేలుస్తారు.

మీరు కండల బలం కొలవడానికి వెళ్లారు. పడిన కారణం మందుల డబ్బాలో ఉంటే, కుర్చీ పరీక్ష ఎన్ని ఆదివారాలు చేసినా అది దొరకదు.

ఇప్పుడు మీ ఏడు సంగతి. ఈ కుర్చీ పరీక్షను కాలిఫోర్నియాలో రాబర్టా రిక్లీ, జెస్సీ జోన్స్ అనే ఇద్దరు ఆచార్యులు పెద్దవాళ్ల కోసం 1990లలో తయారుచేశారు. దానికి కొన్ని నియమాలున్నాయి. కుర్చీ సీటు నేలనుంచి 17 అంగుళాలు, అంటే 43 సెంటీమీటర్లు ఉండాలి. చేతుల్లేని కుర్చీ కావాలి, దాన్ని గోడకు ఆనించాలి. లేచేవారు రెండు చేతులూ ఎదమీద అడ్డంగా పెట్టుకోవాలి. చెయ్యి ఆనించకుండా లేవలేకపోతే అమెరికా ఆరోగ్యశాఖ వాళ్ల పద్ధతిలో లెక్క సున్నా వేస్తారు. అంటే నియమం ప్రకారం మీ నాన్నగారికి వచ్చింది ఏడు కూడా కాదు. 75 నుంచి 79 ఏళ్ల మగవాళ్లు 11 కన్నా తక్కువ లేస్తే సగటు కన్నా తక్కువని ఆ శాఖ వేసిన పట్టిక చెబుతుంది.

ఇది చదివి ఇంకాస్త కంగారు పడేరు, ఆగండి. ఆ పట్టిక అమెరికా వాళ్లను కొలిచి వేసింది. పైగా మీరు ఆయన్ని కూర్చోబెట్టింది మన ఇళ్లలో ఉండే ప్లాస్టిక్ కుర్చీలో. దాని సీటు వెనక్కి వాలి ఉంటుంది, బరువుకు కుంగుతుంది, నున్నటి టైల్స్ మీద జారుతుంది. రెండు పక్కలా చేతులుంటే మనిషి చెయ్యి దానంతటదే వాటి మీదకు పోతుంది. ముప్ఫై ఏళ్లవాళ్లను అందులో కూర్చోబెట్టి లేవమన్నా చెయ్యి వేస్తారు, కావాలంటే చూడండి. కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టేయండి. చెయ్యి ఎందుకు వేశారన్నది మాత్రం తెలుసుకోవాలి. మోకాలు నొప్పా, తొడల్లో పట్టు లేకనా, పడ్డాక పట్టుకున్న భయమా, లేక కుర్చీ దోషమా? భోజనాల బల్ల దగ్గర ఉండే చెక్క కుర్చీ టేపుతో కొలిచి, గోడకు ఆనించి, అందులోంచి ఒక్కసారి లేవమనండి. లెక్కలూ గడియారమూ వద్దు. చెయ్యి వెయ్యకుండా లేచేశారంటే సగం తప్పు ప్లాస్టిక్ కుర్చీదే. అందులోంచి కూడా లేవలేకపోతే, ఎక్కడ పట్టేస్తోందని ఆయన్నే అడగండి. మోకాలు చిప్ప మీద చెయ్యి వేసి చూపిస్తారా, తొడ మీద వేస్తారా అన్నది కూడా ఒక జవాబే.

ఫోన్లో చేసే పరీక్షను నమ్మొచ్చా అన్నారు. లేవడం, నడవడం, నిలబడటం లాంటివాటిని వీడియోలో చూసి లెక్కపెట్టినా, ఎదురుగా ఉండి లెక్కపెట్టినా పెద్ద తేడా రాదు. అయితే ఏర్పాటు సరిగ్గా ఉండాలి. మీ ఆదివారం చెడింది అక్కడే. ఫోన్ పట్టుకున్న మనిషి పడేవాళ్లను పట్టుకోలేదు. ఫోన్‌ను కిటికీలోనో, బల్లమీద బియ్యం డబ్బాకు ఆనించో పెట్టాలి. మనిషి పక్కనుంచి కనిపించాలి, పాదాలూ కుర్చీ కాళ్లూ కూడా తెరమీద ఉండాలి. ఎదురుగా పెడితే మొహం బాగా కనిపిస్తుంది గానీ, వెనక్కి వాలుతున్నారా, ఊపు తీసుకుని లేస్తున్నారా అన్నది తెలియదు. లెక్కా గడియారమూ అక్కడున్న మనిషి చేతిలోనే ఉండాలి. నెట్ నత్తనడక నడిచే ఊళ్లో మీరు ఇక్కడ 'మొదలు' అంటే అక్కడ సెకను తర్వాత వినిపిస్తుంది, వాళ్లు లేవడం మీకు ఇంకో సెకను తర్వాత కనిపిస్తుంది. ముప్ఫై సెకన్ల పరీక్షలో అది పెద్దగా లెక్కలోకి రాదు, పన్నెండు సెకన్ల దాంట్లో వస్తుంది.

ఆ పన్నెండు సెకన్లది ఇంకో పరీక్ష. కుర్చీలోంచి లేచి, మామూలు నడకతో మూడు మీటర్లు వెళ్లి, తిరిగి వచ్చి కూర్చోవాలి. రెండడుగుల టైల్స్ ఉన్న హాలయితే టేపు కూడా అక్కర్లేదు, అయిదు టైల్స్ అంటే మూడు మీటర్లు. సుద్దముక్కతో గీత గీస్తే చాలు. మొత్తానికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడే ప్రమాదం ఉందని జాగ్రత్త పడతారు. నా మటుకు నేను సెకన్లకన్నా తిరిగే చోటు చూస్తాను. ఒకటి రెండు అడుగుల్లో తిరిగేస్తున్నారా, అయిదారు చిన్న చిన్న అడుగులు వేస్తున్నారా, గోడ కోసం చెయ్యి చాస్తున్నారా? ఇంట్లో ఎలా నడుస్తారో అలాగే నడవనివ్వండి, కెమెరా కోసమని కొత్త చెప్పులు తొడగకండి. పంచె మాత్రం మడమల దాకా జారకుండా ఎగ్గట్టుకోమనండి.

ఫోన్లో కుదరనివి కూడా ఉన్నాయి. మా ఫిజియోథెరపీ పనిలో సగం చేతితోనే. కాలు మీద చెయ్యి వేసి నొక్కి, ఎంత ఎదురు నెడతారో చూస్తాం. అరికాలికి స్పర్శ తెలుస్తోందా అని చూస్తాం. తూలితే భుజం పట్టుకుంటాం. తెర అవతల ఇవేవీ సాధ్యం కావు. అందుకే ఒంటికాలి మీద నిలబడటం, పాదం ముందు పాదం పెట్టి నిలబడటం లాంటివి, పక్కన గట్టి మనిషి లేకుండా మీరు చేయించకండి. ఎదురింటి కుర్రాడో, మీ నాన్నగారి పాత శిష్యుడో ఎవరైనా సరే. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఆ రోజు బీపీ 160 మీద 100 దాటి ఉండటం, ఉదయంనుంచి తల తిరుగుడు, వీటిలో ఏది ఉన్నా ఆ రోజుకు పరీక్ష లేదు.

అసలు పరీక్ష అనే మాటే లేకుండా కూడా చాలా తెలుస్తుంది. కమోడ్ మీదనుంచి లేవడానికి గోడ పట్టుకుంటున్నారా? ప్యాంటు నిలబడి తొడుక్కుంటున్నారా, ఈమధ్య మంచమ్మీద కూర్చుని తొడుక్కుంటున్నారా? నిలబడి తొడుక్కోవడమంటే ఒంటికాలి మీద నిలబడటమే కదా. ఇంకొకటి నాకు ఇష్టమైనది. నడుస్తున్నప్పుడు అమ్మ ఏదో అడిగితే, నడుస్తూనే జవాబు చెబుతారా, ఆగి చెబుతారా? మాట్లాడటానికి నడక ఆపేసే పెద్దవాళ్లు పడటం ఎక్కువని స్వీడన్ పరిశోధకులు 1997లో గమనించి రాశారు. దీనికి కుర్చీ అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు, ఆయన ఒప్పుకోవడమూ అక్కర్లేదు. అయినా ఆయనకు తెలియకుండా అమ్మను గూఢచారిని చెయ్యొద్దని నా సలహా. ఒకసారి పనిమనిషి ద్వారా గుట్టు బయటపడిన ఇల్లది. ఇంకోసారి జరిగితే తర్వాత పడినప్పుడు మూడు వారాలకు కూడా మీకు తెలియదు.

ఇక ఆయన కోపం. పడిన సంగతి మూడు వారాలు దాచారంటే, చెబితే ఏం జరుగుతుందో ఆయనకు ముందే తెలుసన్నమాట. బయటపడ్డాక అదే జరిగింది: పరీక్ష, రిపోర్టు, వాచీ, పుణె. డ్రిల్లు మాస్టారికి ఒళ్లు అంటే ఉద్యోగం కూడా. ఆ ఉద్యోగంలో ఆయన్ని మీరు ఫెయిల్ చేశారు, అదీ భార్య ఎదుట. తిడుతున్నాననుకోకండి, భయం వేసినప్పుడు అందరం అలాగే చేస్తాం. ముందు ఒక క్షమాపణ బాకీ ఉంది. కాల్ చేసి 'నాన్నా, ఆ రోజు నేను కేక పెట్టకుండా ఉండాల్సింది' అని చెప్పి, ఆరోగ్యం ఊసు లేకుండా ఫోన్ పెట్టేయండి. ఒకటి రెండు వారాలు అలాగే నడవనివ్వండి. బీపీ చూసే పనికి ఆ రెండు వారాలూ ఆగక్కర్లేదు, అమ్మ పొద్దున్నే చూస్తుంది, ఆయనకు అది అలవాటైన మిషనే.

తర్వాత ఒక దారి ఉంది. ఈ పరీక్షను ఆయన చేతికే ఇచ్చేయండి. నోటు పుస్తకం ఆయనది, ఈల ఆయనది, లెక్క ఆయనది. కాల్‌లో ముందు మీరు కుర్చీ వేసుకుని లేచి కూర్చోండి, అవతల మీ అన్నయ్యను కూడా కూర్చోమనండి. ఆయన లెక్కపెడతారు. నడుం వంచుతున్నావనీ, పూర్తిగా నిలబడలేదనీ ఆయన పట్టేసే తప్పులు ఏ యాప్ కూడా పట్టలేదు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మీ ఇద్దరికీ ఆ తిట్లు అవసరమే అనుకుంటాను. తర్వాత తన వంతు ఆయన తీసుకుంటే తీసుకుంటారు, లేకపోతే లేదు. ఇది ఆయన్ని బుట్టలో వేసే ఎత్తుగా మాత్రం చేయకండి, అంతమంది పిల్లల ఎత్తులు చూసిన మనిషి ఇట్టే కనిపెట్టేస్తారు. 'మీ అంకె మీకు తెలియాలి, నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు' అనండి. ఇందులో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచను. పోటీ మనిషి కదా, 11 దాటాలని ఊపిరి బిగపట్టి, మోకాళ్లు పట్టేసేదాకా లేచే రకం కావచ్చు. అందుకని పట్టికలో అంకెలు ఆయనకు చెప్పకండి. పోయిన నెల ఆయన అంకెతోనే ఈ నెల అంకెను పోల్చుకోవాలి. అదే కుర్చీ, అదే వేళ, నెలకోసారి చాలు. ఒకటీ రెండూ అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు. నెలనెలా తగ్గుతూ పోతే డాక్టరు దగ్గరకు వెళ్లడానికి ఆ పుస్తకమే కారణం చెబుతుంది, మీరు చెప్పక్కర్లేదు.

ఆయన అస్సలు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు మీకు అంకెలుండవు. ఆదివారం నాన్న గొంతు ఉంటుంది. రెండిట్లో ఒకటే దొరుకుతుందంటే నేనయితే గొంతు తీసుకుంటాను. రేపు ఎప్పుడైనా తూలితే చెప్పేది ఆ గొంతే.

అన్నయ్య తెప్పించిన రిపోర్టు విషయంలో నాకు పెద్ద తగాదా ఏమీ లేదు, ఒక రకంగా అది నిజమే. ఏడాదిలో ఒకసారి పడిన మనిషికి మళ్లీ పడే ప్రమాదం ఉంటుందని పావుగంట వీడియో లేకుండానే చెప్పొచ్చు. ఆ పావుగంటలో వాళ్లు ఏం అడిగారన్నదే నాకు కావాలి. ఏ మాత్రలు వేసుకుంటున్నారని అడిగారా? పడింది ఎన్ని గంటలకు అని అడిగారా? ఒంటికాలి మీద నిలబెట్టి ఉంటే, అప్పుడు పక్కన ఎవరున్నారో చూశారా? చూసినవారు అర్హత ఉన్న ఫిజియోథెరపిస్టేనా? నాలుగింటికీ సరైన జవాబు వస్తే వాళ్లతో కొనసాగడంలో తప్పు లేదు. వారానికి రెండు మూడుసార్లు ఎవరో ఒకరు పిలిచి వ్యాయామం చేయించడం చాలామందికి ఉపయోగపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా 65 దాటినవాళ్లు వారంలో కనీసం మూడు రోజులు బలానికీ నిలకడకూ పనికొచ్చే వ్యాయామం చేయాలని ఉంది. అయితే ఆరు నెలలకు ఒకేసారి కట్టకండి, ఒక నెలకు కట్టి చూడండి. 'మాత్రలు అడగలేదు' అని తేలితే, ఆ డబ్బుతో పక్క టౌన్‌నుంచి ఒక ఫిజియోథెరపిస్టును ఒకసారి ఇంటికి పిలిపించండి. గంటసేపు మనిషి దగ్గరుండి, మోకాళ్లు పట్టుకుని, బాత్రూమ్ గుమ్మం చూసి వెళ్తే, ఆ తర్వాత ఫోన్లో నడిపించడం ఎవరికైనా తేలిక. వచ్చే ఆ మనిషిది ఒక కొత్త మొహం, తెల్లకోటు. దాన్ని నాన్న 'మళ్లీ పరీక్ష' అనుకుంటారా, 'మా ఫీల్డువాడే' అనుకుంటారా అన్నది మీకే తెలుసు.

బాత్రూమ్ గుమ్మం అన్నాను కదా. నీళ్లు బయటికి రాకుండా మన బాత్రూములకు అంగుళమో రెండో ఎత్తు కడతారు, మళ్లీ లోపల గచ్చు పల్లం ఉంటుంది. రాత్రి మూడింటికి అది కనిపించదు. దాని అంచుకు మెరిసే రంగు టేపు, మంచం నుంచి అక్కడిదాకా ఒక చిన్న రాత్రి బల్బు, తలుపు పక్కన గోడకు పట్టుకునే కమ్మీ, కావాలంటే మంచం పక్కన మూత్రం సీసా. లేచాక మంచం అంచున ఒక నిమిషం కూర్చుని అప్పుడు నిలబడటం. వీటన్నిటికీ అయ్యే ఖర్చు వాచీ ఖరీదులో ఎంతో మీరే లెక్క వేసుకోండి.

వాచీ వద్దనను. కానీ దానికి ఛార్జింగ్ పెట్టాలి, రాత్రి పెట్టుకుని పడుకోవాలి, బాత్రూములోకి వెళ్లేటప్పుడు తీయకూడదు. చాలామంది పెద్దవాళ్లు రాత్రి వాచీ విప్పి తలగడ పక్కన పెడతారు. అంటే ఆయన ఎక్కడ, ఎప్పుడు పడ్డారో సరిగ్గా అక్కడ, అప్పుడు అది చేతికి ఉండదు. ఇష్టపడి పెట్టుకుంటే సంతోషం. బలవంతం చేస్తే సొరుగులోకి పోతుంది.

పుణె సంగతి మీరు నిర్ణయించాల్సింది, నేను కాదు. రెండు వైపులా ఏముందో చెబుతాను. అక్కడ ఆయన పొద్దున్నే పేపరు కోసం నడుస్తారు, టీ కొట్టు దాకా వెళ్తారు, దార్లో నలుగురు 'మాస్టారూ' అని ఆపుతారు. ఆ నడకే ఆయన కాళ్లను ఇంతకాలం నిలబెట్టింది. ఏడో అంతస్తులో, భాష రాని చోట, పగలంతా తలుపు వేసుకుని కూర్చుంటే కాళ్లు వారాల్లోనే సన్నబడతాయి, పడటం తగ్గకపోగా పెరగనూవచ్చు. రెండో వైపు, మళ్లీ మళ్లీ పడుతుంటే, లేదా జ్ఞాపకం తగ్గుతుంటే, లేదా అమ్మ చేయలేకపోతే, అప్పుడు ఊరూ టీకొట్టూ అనే మాట మనం మన సుఖం కోసం చెప్పుకునేది అయిపోతుంది. ఇప్పటికి మీరు రాసినదాన్ని బట్టి ఒకసారి పడ్డారు, దానికి బహుశా ఒక కారణం దొరుకుతుంది. బీపీ లెక్కలు, మాత్రల సంగతి తేలేదాకా, ఒక రెండు నెలలు, ఈ నిర్ణయాన్ని పక్కన పెట్టమంటాను. మీ అన్నయ్యకు కూడా అదే చెప్పండి. దూరంగా ఉన్నవాళ్లకు ఏదో ఒకటి చెయ్యాలనే తొందర ఎక్కువ ఉంటుంది, అందుకే వాచీలూ ప్యాకేజీలూ. ఆ తొందరకు ఒక పని ఇవ్వండి: నాన్న వేసుకునే మాత్రలన్నిటి అట్టలూ ఫోటోలు తెప్పించి, ఏది ఎప్పటినుంచి, ఏ వేళకు అని ఒక జాబితా రాయమనండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు అదే పట్టుకెళ్లొచ్చు.

చివరగా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం నాన్నగారిది కాదు. 'అమ్మ బాగానే ఉంది, నాన్న కింద కూర్చుని లేవాలంటే ఆవిడే చెయ్యి ఇస్తుంది.' 71 ఏళ్ల మనిషి ఒక నిండు మగమనిషిని రోజూ నేలమీదనుంచి పైకి లాగుతోంది. ఆ రాత్రి మూడింటికి ఆయన్ని లేపింది కూడా ఆవిడే అయి ఉంటుంది, మీరు అది రాయలేదు. ఆవిడ నడుము ఎలా ఉందో, మోకాళ్లు ఎలా ఉన్నాయో, ఈ ఏడాదిలో ఆవిడ ఎప్పుడైనా పడిందో ఇంత పెద్ద ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయన తూలితే ఆవిడ పట్టుకోబోతుంది, ఇద్దరూ పడతారు. ఇకనుంచి ఆయన నేలమీద కూర్చోవాల్సి వస్తే పక్కన బరువైన బల్లో మంచమో ఉండాలి, దాన్ని పట్టుకుని ఆయనే లేవాలి, ఆవిడ చెయ్యి ఇవ్వకూడదు. లేవలేకపోతే కింద కూర్చోవడం మానేయాలి.

ఈసారి కాల్ చేసినప్పుడు ఆవిడ ఫోన్ పట్టుకుని 'నాన్న స్నానం చేస్తున్నారమ్మా' అంటుంది కదా. 'సరేలే, నీతోనే మాట్లాడాలి' అనండి. ఈ ఏడాదిలో పడ్డావా, నిలబడితే నడిస్తే తూలుతోందా, పడతానేమోనని భయం వేస్తోందా అని మూడూ అడగండి. 'నాకేమే, గుండ్రాయిలా ఉన్నాను' అంటుంది. మళ్లీ అడగండి.